పట్టీలో కోసిన సొమ్ము పద్దులో ఎక్కాలి



ఈ పూట విత్తనాలను గురించి గాని, తెగుళ్ళను గురించి గాని చెప్పబోవడం లేదు. పంట కోసి, ఆరబెట్టి, యార్డుకు తోలి, అమ్మిన తరువాత మీ చేతికి వచ్చే ఒక చిన్న కాగితాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. షాపువారిచ్చే పట్టీ అన్నమాట. కొన్నిచోట్ల దానినే తక్‌పట్టీ అంటారు. అందులో పైన సరుకు తూకం, ధర, మొత్తం విలువ ఉంటాయి. కింద కమీషన్ ఇంత, హమాలీ ఇంత, కిరాయి ఇంత, పాత బాకీ ఇంత అని ఒక్కొక్కటే తీసివేసుకొంటూ వస్తారు. అన్నిటికంటె అడుగున మిగిలిన అంకె ఉంటుంది. ఆ అంకె మేరకే మీకు సొమ్ము ఇస్తారు.

ఆ పట్టీని ఇంటికి తెచ్చి ఏం చేస్తున్నారు? నేను చాలా ఇళ్ళలో చూసినది చెబుతాను. అడుగున ఉన్న అంకె ఒక్కటి పుస్తకంలో ఎక్కిస్తారు. పుస్తకం లేనివారు గోడమీది క్యాలెండరులో ఆ తేదీ పక్కన వ్రాస్తారు. పట్టీని చూరులోనో, దేవుడి పటం వెనకనో దోపుతారు. రెండు వానలు కురిసేసరికి సిరా అలుక్కుపోతుంది, లేకుంటే చెదలు పనిపడతాయి. అంతటితో పట్టీలో పైన ఉన్న పది వరుసలూ పోయినట్లే. అడుగు వరుస ఒక్కటే మిగులుతుంది.

దీనివల్ల ఎంత నష్టం రాగలదో నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. కళ్ళారా చూశాను. నేను పనిచేసిన ఒక మండలంలో ఒక పెద్దాయన ఉండేవారు. పత్తి వేసేవారు. ఒక ఏడాది విత్తనానికీ, ఎరువుకూ షాపులో ముప్పై వేలు అడ్వాన్సు తీసుకొన్నారు. పత్తి అమ్మినప్పుడు షాపువారు ఆ ముప్పై వేలూ, దాని వడ్డీ పట్టీలోనే పట్టుకొని మిగతాది ఇచ్చారు. ఆయన ఇంటికి వచ్చి “పత్తి అమ్మకం” అని మిగిలిన అంకె వ్రాసుకొన్నారు. రెండేళ్ళు గడిచాయి. షాపులో లెక్కలు చూసుకొంటూ, “బాబాయిగారూ, మీ పేరున ముప్పై వేలు అట్లాగే ఉన్నది, వడ్డీ కూడా పెరిగింది” అన్నారు. “అదేమిటయ్యా, ఆ ఏడే పట్టుకొన్నారు గదా” అన్నారు ఈయన. తరువాత మాకు అర్థమైనదేమంటే, ఆ ఊళ్ళో అదే ఇంటిపేరు, అదే పేరు గల రైతు మరొకరున్నారు. గుమాస్తా కోసిన సొమ్మును ఆయన ఖాతాలో జమకట్టి ఉండాలి. షాపు యజమాని మోసగాడేమీ కాడు. “మీ పుస్తకంలో మేము పట్టుకొన్నట్లు వ్రాసి ఉంటే చూపండి, ఇప్పుడే కొట్టివేస్తాను” అన్నాడు. షాపులో నకళ్ళ కట్టలు వెతికారు, ఆ నెలది దొరకలేదు. ఈయన పట్టీ చెదలకు పోయింది. పుస్తకం తెచ్చి చూస్తే అందులో ఉన్నది ఒక్కటే అంకె.

పెద్దమనుషులు కూర్చొని చెరి సగం అన్నారు. ఒకసారి తీర్చిన అప్పులో సగాన్ని ఆయన రెండోసారి తీర్చారు. ఆ కూర్చున్నవారిలో నేనూ ఒకడిని. నోరు మెదపలేకపోయాను. ఎందుకంటే ఆయన చేతిలో ఉన్న ఆ పుస్తకం అంతకుముందు నేను పంచినదే. అందులో మూడే గడులు: తేదీ, వివరం, సొమ్ము. కోసుకొన్న సొమ్ము వ్రాయడానికి చోటెక్కడున్నది?

చేతికి రాకుండానే పోయిన సొమ్మును పుస్తకంలో ఎట్లా ఎక్కించాలి అన్నదే ఈనాటి విషయం. దీనికి వర్తకుల దగ్గర ఒక పద్ధతి ఉన్నది. కామర్సు చదివిన పిల్లలు దానిని సంయుక్త పద్దు అంటారు. పేరు పెద్దదిగా ఉన్నదని బెదరవద్దు. ఒక వ్యవహారంలో రెండు ఖాతాలే ఉంటే మామూలు పద్దు. అదే వ్యవహారంలో మూడో, నాలుగో, ఏడో ఖాతాలు కలిస్తే వాటన్నిటినీ ఒకే తేదీ కింద, ఒకే పద్దుగా వ్రాయడం సంయుక్త పద్దు.

మిరప రైతును తీసుకొందాం. గుంటూరు యార్డుకు నలభై టిక్కీలు తోలాడు. సంచుల తరుగు పోగా తూకం 16 క్వింటాళ్ళు వచ్చింది. క్వింటాలు 15,000 రూపాయల లెక్కన సరుకు విలువ 2,40,000. ఈ అంకెలన్నీ లెక్క తేలికగా ఉండడానికి నేను వేసుకొన్నవి. ఈనాటి ధరలని గాని, షాపువారి రేట్లని గాని అనుకోవద్దు. కమీషన్ నూటికి రెండు చొప్పున 4,800. హమాలీ, కాటా కలిపి టిక్కీకి 30 చొప్పున 1,200. లారీవాడికి షాపువారే ఇచ్చిన కిరాయి 3,000. ఆగస్టు 1వ తేదీన ఈ రైతు అదే షాపులో 60,000 అడ్వాన్సు తీసుకొని ఉన్నాడు. అమ్మినది మార్చి 15న. ఏడున్నర నెలలకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ 9,000. ఇవన్నీ కలిపి 78,000. పోగా మిగిలింది 1,62,000. అందులో లక్ష నగదు ఇచ్చి, “మిగతా 62,000 వచ్చే వారం తీసుకోండి” అన్నారు.

మనవాడు ఇంటికి వచ్చి ఏమని వ్రాస్తాడు? చేతిలో ఉన్నది లక్ష గనుక “మిరపకాయలు అమ్మగా వచ్చినది 1,00,000” అని వ్రాస్తాడు. కొంచెం జాగ్రత్తగలవాడైతే 1,62,000 అని వ్రాస్తాడు. రెండూ నిజమే. కాని 2,40,000 అన్న మాట ఆ పుస్తకంలో పుట్టనే పుట్టలేదు.

ఇట్లా వ్రాయాలి. కాగితాన్ని రెండు భాగాలుగా అనుకోండి. ఒకటి “ఎక్కడినుంచి వచ్చినది?” రెండోది “ఎటు పోయినది?” వచ్చినది ఒక్కచోటునుంచే, మిరపకాయల అమ్మకం నుంచి. పోయినది మాత్రం ఏడు దారులు.

మార్చి 15
ఎటు పోయినది (డెబిట్):
నగదు, చేతికి 1,00,000
షాపువారి వద్ద రావలసినది 62,000
కమీషన్ 4,800
హమాలీ, కాటా 1,200
లారీ కిరాయి 3,000
షాపు అప్పు, అసలు తీరినది 60,000
వడ్డీ 9,000
మొత్తం 2,40,000
ఎక్కడినుంచి వచ్చినది (క్రెడిట్):
మిరపకాయల అమ్మకం 2,40,000
వివరణ: 40 టిక్కీలు, 16 క్వింటాళ్ళు, క్వింటాలు 15,000 లెక్కన ఫలానా షాపులో అమ్మినది. ఆగస్టు 1 నాటి అడ్వాన్సు అసలు, వడ్డీతో సహా పట్టుకొన్నారు. 62,000 రావలసి ఉన్నది. పట్టీ నెంబరు ఇంత.

ఇంతే పద్దు. నోటుపుస్తకంలో పది పన్నెండు వరుసలు పడుతుంది. వ్రాయడానికి పది నిమిషాలు పడుతుంది. డెబిట్, క్రెడిట్ అన్న మాటలు నోరు తిరగకపోతే వదిలివేయండి. “పోయినది, వచ్చినది” అని వ్రాసుకొన్నా లెక్క చెడదు. ఒక్కటి మాత్రం గమనించండి. నగదు మన చేతికే వచ్చింది గదా, దానిని “పోయినది” అనే వైపు ఎందుకు వ్రాశామని మీరు అడుగుతారు. సరుకు విలువ 2,40,000 అని ముందు ఒప్పుకొన్నాము. ఆ విలువలో ఒక లక్ష మన పెట్టెలోకి పోయింది, 60,000 అప్పు తీర్చడానికి పోయింది, 4,800 కమీషన్ కింద పోయింది. మన పెట్టె కూడా ఒక దారే అనుకొంటే చిక్కు విడిపోతుంది.

ఈ ఏడింటినీ ఏడు పద్దులుగా విడివిడిగా వ్రాయరాదా అంటే వ్రాయవచ్చును, తప్పు కాదు. ఏడుసార్లు “మిరప అమ్మకం” అని ఎదురు వ్రాసుకోవాలి. కాని అట్లా వ్రాసినప్పుడు ఒకటి మరచిపోతే మరచిపోయినట్లు మీకు తెలియదు. మిగతా ఆరూ దేనికది సరిగానే కనబడతాయి. ఒకే పద్దుగా వ్రాస్తే అది అడుగుతుంది. వడ్డీ వరుస మరచిపోయారనుకోండి, ఒక వైపు 2,31,000, మరొక వైపు 2,40,000 వస్తుంది. తొమ్మిది వేలు ఎక్కడ అని ఆ కాగితమే మిమ్మల్ని నిలవేస్తుంది. రెండు వైపులా మొత్తం ఒకటే అయ్యేదాకా కలం కిందపెట్టవద్దు. ఈ రెండు వైపుల పద్ధతి ఐదువందల ఏళ్ళకు పైబడినది. ఇటలీలో లూకా పాచోలి అనే సన్యాసి 1494లో వెనిసులో అచ్చువేయించిన గణిత గ్రంథంలో దీనిని వివరించాడు. ఆయన కనిపెట్టినది కాదు. అప్పటికే అక్కడి వర్తకులు వాడుతున్నదే వ్రాసి పెట్టాడు. అంటే ఇది పండితులు పుట్టించినది కాదన్నమాట. సరుకు అమ్మి, కొని, అప్పిచ్చి, పుచ్చుకొన్నవారు తమ అవసరం కొద్దీ పుట్టించుకొన్నది.

తరువాతి వారం షాపువారు ఆ 62,000 ఇస్తారు. అప్పుడు మళ్ళీ “మిరప అమ్మకం 62,000” అని వ్రాయకూడదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. అమ్మకం మార్చి 15నే పూర్తిగా ఎక్కింది. ఇప్పుడు నగదు వచ్చింది, షాపువారి వద్ద రావలసినది తీరింది, అంతే. సొమ్ము బ్యాంకులో పడితే నగదు బదులు బ్యాంకు అని వ్రాయండి. ఈ రోజుల్లో బ్యాంకులో పడినట్లు ఫోనుకు కబురు వస్తుంది, అందులో ఉండేదీ అడుగు అంకే. దానిని చూసి పద్దు వ్రాస్తే చూరులో దోపిన పట్టీకీ దీనికీ తేడా లేదు.

ఇక రెండో విషయం. అప్పు రెండుసార్లు తీర్చడం ఎప్పుడో ఒకసారి జరిగే ప్రమాదం. ఇప్పుడు చెప్పబోయే పొరపాటు మాత్రం ఇంచుమించు ప్రతి ఇంటిలోనూ, ప్రతి ఏడూ జరుగుతున్నది.

ఆ మిరప రైతు సేద్యానికి కౌలు, కూలీలు, ఎరువులు, మందులు అన్నీ కలిపి 1,50,000 పెట్టాడనుకొందాం. మీకు ఇంకా ఎక్కువే అవుతుందని నాకు తెలుసు; లెక్క కోసం ఒప్పుకోండి. ఆ ఖర్చులన్నీ ఆగస్టు నుంచి పుస్తకంలో పడుతూనే ఉన్నాయి. ఆగస్టులో తీసుకొన్న అడ్వాన్సు 60,000 కూడా ఆ ఎరువులకూ, మందులకే పోయింది, అదీ ఖర్చుల్లో పడింది. మార్చిలో అమ్మకం కింద 1,62,000 వ్రాశాడు. తీసివేస్తే మిగిలింది 12,000. “ఏడాదంతా చేస్తే పన్నెండు వేలా! మిరప వేస్తే మట్టి కొట్టుకుపోతాము” అని నిశ్చయించుకొంటాడు. పొరుగువాడితోనూ అదే చెబుతాడు.

ఇప్పుడు పైన వ్రాసిన పద్దుతో చూడండి. అమ్మకం 2,40,000. అమ్మకానికి అయిన ఖర్చులు, అంటే కమీషన్, హమాలీ, కిరాయి, వాటితోపాటు వడ్డీ, కలిపి 18,000. సేద్యం ఖర్చు 1,50,000. పోగా మిగిలినది 72,000. పన్నెండు వేలెక్కడ, డెబ్బయిరెండు వేలెక్కడ? తేడా సరిగ్గా 60,000. ఆ అరవై వేలను అతడు రెండుసార్లు ఖర్చు వ్రాసుకొన్నాడు. ఎరువు కొన్నప్పుడు ఒకసారి, అప్పు తీర్చినప్పుడు మళ్ళీ ఒకసారి. అప్పు అసలు తీర్చడం ఖర్చు కాదు, సోదరులారా. అది బరువు దించుకోవడం. వడ్డీ మాత్రమే ఖర్చు. అందుకనే పద్దులో అసలునూ, వడ్డీనీ రెండు వరుసలుగా వ్రాశాము.

దీనికి తిరగబడిన పొరపాటు కూడా ఉన్నది. కొందరు ఆగస్టులో అడ్వాన్సు తెచ్చిన రోజున దానిని “రాబడి” అని వ్రాస్తారు. అప్పు ఆ ఏడే తీరిపోతే రెండు తప్పులూ ఒకదానినొకటి కొట్టుకొని చివరి అంకె సరిపోతుంది. కాని పంట దెబ్బతిని అప్పు మరుసటి ఏటికి నిలిచిపోయిందనుకోండి, ఆ ఏడు అప్పే లాభంగా కనబడుతుంది. అప్పు తెచ్చిన రోజున నగదు వచ్చింది, షాపువారికి బాకీ పడ్డాము అని ఒక మామూలు పద్దు వ్రాస్తే సరి. రాబడి జోలికి పోవద్దు.

ఎరువుల కొట్టు దగ్గర జరిగేది కూడా చెప్పవలసి ఉన్నది. అక్కడ రెండు వైపులా రెండేసి వరుసలు వస్తాయి. ఒక రోజున ఎరువులు 14,000, పురుగుమందులు 12,000, మొత్తం 26,000 రూపాయల సరుకు తెచ్చారు. 10,000 నగదు ఇచ్చారు, 16,000 అరువు. పోయినది ఎరువుల ఖాతాకు 14,000, మందుల ఖాతాకు 12,000. వచ్చినది నగదు పెట్టెనుంచి 10,000, కొట్టువారి అరువు నుంచి 16,000. రెండు వైపులా 26,000. ఇట్లా వ్రాయనివారు ఆ రోజున “ఎరువులు, మందులు 10,000” అని వ్రాసి ఊరుకొంటారు. పంట అమ్మినప్పుడు అరువు తీరిస్తే, అప్పుడు 16,000 ఏదో పాత బాకీ అని వ్రాస్తారు. ఆ పంటకు మందులకు ఎంత అయిందో ఇక ఎవరూ చెప్పలేరు. “ఈ ఏడు మందులు తగ్గించాలి” అని మేము వచ్చి చెప్పినప్పుడు, తగ్గిందో పెరిగిందో మీకూ తెలియదు, మాకూ తెలియదు. కొట్లో బిల్లు అడిగి తీసుకోండి. అరువుకు తెచ్చినా బిల్లు తీసుకోండి. మందు పనిచేయక ఫిర్యాదు చేయవలసి వస్తే మిమ్మల్ని ముందు అడిగేది కూడా ఆ బిల్లే.

పాడి ఉన్నవారికి ఇది నెలకు రెండు మూడుసార్లు అవసరం. ఈ మాట ముఖ్యంగా సోదరీమణులు వినాలి. పాలకేంద్రం బిల్లులో పక్షం రోజులకు పాల విలువ 6,400 అనుకొందాం. రెండు బస్తాల దాణా 2,600 పట్టుకొన్నారు. గేదె అప్పు వాయిదా 1,500 పట్టుకొన్నారు. చేతికి 2,300. ఒక ఇంట్లో ఒక అమ్మ నాతో, “ఏం పాడి బాబూ, పదిహేను రోజులు చాకిరీ చేస్తే రెండు వేల మూడువందలు. గేదెను అమ్మేద్దామంటున్నారు మా ఇంట్లో” అన్నది. ఆ బిల్లు తీసి అరుగుమీద కూర్చొని పద్దు వ్రాశాము. పోయినది నగదుకు 2,300, దాణాకు 2,600, అప్పు తీరడానికి 1,500. వచ్చినది పాల అమ్మకం 6,400. దాణా పోగా గేదె ఆ పక్షానికి 3,800 తెచ్చింది. అందులో 1,500 దాని అప్పును అదే తీర్చుకొంటున్నది. వాయిదాలో కొంత వడ్డీ ఉంటుంది గనుక అది వేరు చేయాలి. పచ్చిమేత, ఎండుగడ్డి, చాకిరీ కూడా లెక్కకట్టాలి. అవి కట్టిన తరువాత అమ్మాలో వద్దో వారే నిర్ణయించుకొంటారు. గేదెను అమ్మవద్దని నేను చెప్పలేదు. 2,300 అన్న అంకెను చూసి మాత్రం అమ్మవద్దన్నాను.

బ్యాంకు పంట రుణం తీర్చినప్పుడు కూడా ఇదే తీరు. 1,07,000 కట్టారు, అందులో అసలు లక్ష, వడ్డీ ఏడు వేలు అయితే పోయినది రెండు వరుసలు, నగదు ఒక వరుస. మోటారు కొని, కొంత నగదిచ్చి కొంత అప్పు పెడితే, మోటారు ఒక వరుస, నగదు, అప్పు రెండు వరుసలు. మోటారు పది కాలాలపాటు ఉండే వస్తువు. దాని ఖరీదంతా ఈ ఏటి మిరప మీద వేయకూడదు. ఆ సంగతి మరొకసారి.

పట్టీని ఇట్లా వరుసలుగా విడదీయడంలో ఇంకొక లాభమున్నది. విడదీస్తే గాని ఉండకూడని వరుస కంటపడదు. మార్కెట్ సెస్సు సంగతే చూడండి. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం ఆ ఫీజు సరుకు కొన్నవారు చెల్లించవలసినది, అమ్మిన రైతు కాదు. మీ పట్టీలో ఆ వరుస కనబడితే అక్కడికక్కడే అడగండి, జవాబు రాకపోతే మార్కెట్ కమిటీ కార్యాలయంలో అడగండి. “ఖర్చులు” అని ఒకే మాట వ్రాసి ఒక అంకె వేసిన పట్టీని తీసుకోవద్దు, విడివిడిగా వ్రాసిమ్మనండి. అట్లాగే “బాకీ 69,000” అని అసలునూ వడ్డీనీ కలిపి వ్రాస్తే, అసలెంత, వడ్డీ ఎంత అని అడిగి పక్కన వ్రాయించుకోండి. తూకంలో తీసిన తరుగు, మచ్చుకు తీసిన కాయలు రూపాయల్లోకి రావు గనుక పద్దులో ఎక్కవు. అందుకే వివరణలో టిక్కీలు ఎన్ని, తూకం ఎంత అన్నది తప్పక వ్రాయమన్నాను. ఇంటి దగ్గర తూచుకొని పోయినవారికి ఆ వరుస అక్కరకు వస్తుంది.

రెండు వైపులా సరిపోయినంత మాత్రాన పద్దు ఒప్పయినట్లు కాదు. ఇది చెప్పకపోతే నేను మిమ్మల్ని సగం దారిలో వదిలినవాడినవుతాను. పైన చెప్పిన 69,000 అంతా అసలే అని వ్రాశారనుకోండి, మొత్తం సరిపోతుంది. కాని తొమ్మిది వేలు ఖర్చు కనబడకుండా పోయింది, మీ అప్పు ఖాతాలో తొమ్మిది వేలు ఎక్కువ తీరినట్లు పడింది. లారీ కిరాయిని కూలీల ఖాతాలో వ్రాసినా మొత్తం సరిపోతుంది. మరచిపోయిన వరుసను పద్దు పట్టిస్తుంది గాని, ఒక ఖాతాలో వ్రాయవలసినది మరొక ఖాతాలో వ్రాస్తే పట్టించలేదు. అది మీరు మీ కళ్ళతో చూడవలసిందే.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. నేను మొదట ఈ విషయం చెప్పినప్పుడు బల్లమీద సూత్రాలు వ్రాశాను: పుచ్చుకొన్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్ అని. పావుగంట తరువాత ఒక పెద్దాయన లేచి, “నాయనా, ఇచ్చేదీ మేమే, పుచ్చుకొనేదీ మేమే, మధ్యలో ఈ ఇద్దరెవరు?” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మరునాటినుంచి సూత్రాలు కట్టిపెట్టాను. “మీ ఇంట్లో ఉన్న పట్టీ ఒకటి తెచ్చుకోండి” అన్నాను. తెచ్చినవారి పట్టీనే, వారి అంకెలతోనే, వారి చేతనే వ్రాయించాను. ఎవరి పట్టీలో వారికి శ్రద్ధ ఉంటుంది. చదువు రానివారు ఎనిమిదో తరగతి పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొన్నారు. పిల్లవాడు వ్రాస్తుంటే, “ఆగరా, కిరాయి మూడు వేలు కాదు, రెండున్నరే మాట్లాడుకొన్నాము” అని తండ్రి అనడం నేను విన్నాను. పూర్వం వ్రాతకోతలన్నిటికీ కరణం గారి ఇంటికి పోయేవారు. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. ఇప్పుడు ప్రతి ఇంటిలోనూ చదివిన పిల్లలున్నారు. వారి చేత వ్రాయించండి, కాని అంకెలు మీరు చెప్పండి.

పుస్తకం ఎట్లా ఉండాలంటే, మామూలు నోటుపుస్తకమే చాలు. ఎడమవైపు తేదీ, మధ్యన వివరం, కుడివైపు ఒకటికి బదులు రెండు సొమ్ము గడులు గీయండి. నేను మొదట పంచిన మూడు గడుల పుస్తకాలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, దయచేసి నాలుగో గడి గీసుకోండి. పద్దు వ్రాసిన తరువాత పట్టీని చూరులో దోపవద్దు. ఆ పేజీలోనే ఒక అంచుకు జిగురు పెట్టి అంటించండి, లేదా పట్టీ మీద పద్దు తేదీ వేసి ఒక డబ్బాలో దాచండి. తెల్లారి షాపుకు పోయి లెక్క చూసుకొనే అవకాశం ఉంటే, మీ పద్దును వారి ఖాతాతో ఒకసారి సరిచూసుకోండి. రెండేళ్ళ తరువాత చూసుకొంటే ఏమయిందో ముందే చెప్పాను.

ఈ పద్దులను ఆవర్జాలో ఖాతాలవారీగా ఎక్కించి, ఏ షాపుకు మనమెంత, మనకు వారెంత అని తేల్చుకొనే తీరును వచ్చే ప్రసంగంలో చెబుతాను. అప్పటికి మీ మీ పట్టీలలో ఒకటి పద్దుగా వ్రాసి ఉంచండి. రెండు వైపులా కలవకపోతే మీ ఊరికి వచ్చినప్పుడు నాకు చూపండి.